తలుపు తీసినవాడు

పైపుల వీధి, మెట్ల కింద ఇల్లు.

తమ్ముడికి అన్న రాసేది.

నా రాత బాగుండదని నీకు తెలుసు. అక్షరాలు తప్పు పడితే సర్దుకుని చదువుకో. ఐదో తరగతితో ఆగినవాడి రాత ఇంతకన్నా ఎలా ఉంటుంది. ఫోను చేద్దామనుకున్నాను. ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే నాకు మాట రాదు. అవతల నువ్వు హలో హలో అంటావు, ఇవతల నేను ఊఁ ఊఁ అంటాను. దానికంటే ఇదే నయం.

మీ వదిన సంగతి రాయాలి. మతిమరుపు బాగా ముదిరింది. పొయ్యి మీద గిన్నె మాడిపోవడం అదీ పాత కథ. ఇప్పుడు నన్ను కూడా మర్చిపోయింది. మందుబిళ్ళలు నేనే ఇస్తాను కదా, అందుకని మందులాయనా అని పిలుస్తోంది. మర్యాదగానే పిలుస్తుంది. ఏవండీ అనడం మానేసి నాలుగు నెలలైంది.

పోయిన మంగళవారం రక్తం తీసుకోవడానికి ల్యాబు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. వీధిలో చప్పుడుగా ఉందని గది తలుపు వేసింది. ఈ ఇంట్లో నలభై ఆరేళ్లుగా ఎవరూ తలుపు వెయ్యరని ఆ పిల్లకేం తెలుసు. మా స్నానాల గదికి కూడా తెరే కదా. నేను వంటింట్లో ఉన్నాను. కేక వినపడింది. రెండు చేతులతో తలుపు బాదుతోంది. 'మరిదీ, తలుపు తియ్యి. చలి మరిదీ. చచ్చిపోతాను.' ఉక్కపోతకు ఆ అమ్మాయి విసురుకుంటోంది, ఈవిడేమో చలికి వణికిపోతోంది.

నేనే వెళ్ళి తీశాను. నన్ను చూసింది. చూసి, నా భుజం మీంచి వెనక్కి చూసింది. నీ కోసం.

మనం ముగ్గురం పనిచేసిన ఐసు ఫ్యాక్టరీ చలిగదిలో తను గంటన్నర ఇరుక్కుపోయిన సాయంత్రం, తలుపు తీసింది నువ్వే. కాదనను. కానీ నలభై ఎనిమిదేళ్ల కాపురం పోయి, ఆ గంటన్నర ఎలా మిగిలింది. అందులో నువ్వున్నావు. నేను లేను.

ఇది నీతో ఎందుకు చెప్తున్నానో నాకే తెలియదు. మోకాళ్ళు ఎలా ఉన్నాయి.

నీ అన్న.


టైలరు కొట్టు మీద గది.

అన్నయ్యకు నమస్కారం.

కవరు మీద నీ రాత చూసి ఎవరో పోయారనుకున్నాను. పదకొండేళ్లలో ఇది నువ్వు రాసిన మూడో ఉత్తరం. ముందు రెండూ చావు కబుర్లే. విప్పేదాకా నా గుండె గుండెలో లేదు.

మోకాళ్ళకేం, రెండూ పోటీపడి అరుస్తున్నాయి. కింద టైలరు కుట్టుమిషను తొక్కినప్పుడల్లా నా మంచం కూడా కదులుతుంది. దాంతో రక్తం ఆడుతుందిలే అని సరిపెట్టుకుంటున్నాను.

వదిన సంగతి చదివి మనసు పాడైపోయింది. కానీ నన్ను పిలిచిందని నువ్వు అంత కష్టపెట్టుకోవడం ఏమిటి. దొంగలు పడితే జనం పోలీసూ పోలీసూ అని అరుస్తారు. పోలీసు మీద ప్రేమతోనా. ఆపదలో నోటికి ఏది వస్తే అది అంటారు. ఆవిడ వంట తిన్నది నువ్వు, ఆవిడ తిట్లు తిన్నది నువ్వు. నేనెవరిని, ఎప్పుడో ఒక తలుపు గడియ లాగినవాణ్ణి. దాన్ని గురించి ఎక్కువ తలుచుకోకు. నేనూ తలుచుకోను.

మీ ఊళ్ళో పెద్దాసుపత్రిలో మతిమరుపు వాళ్ళకు వేరే విభాగం ఉందన్నారు. తీసుకెళ్ళు. అక్కడైనా నోరు తెరిచి అడుగు. డాక్టరు ముందు కూర్చుని గోడ గడియారం చూసి వచ్చేస్తావు నువ్వు, నాకు తెలుసు.

తమ్ముడు.


పైపుల వీధి.

తమ్ముడికి.

ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ఓపిక ఎక్కువ. మీ వదినను పక్క గదిలో బొమ్మలు గుర్తుపట్టమని కూర్చోబెట్టి నాతో మాట్లాడింది. గోడ గడియారం చూశాను, నిజమే. కానీ అడిగాను.

"అన్నీ మర్చిపోయి భయం ఒక్కటే ఎందుకు మిగిలిందమ్మా?"

"కొత్త సంగతులు ముందు మెదడులో ఒక చోట చేరతాయండీ. ఈవిడకు ముందుగా దెబ్బతిన్నది ఆ చోటే. భయం సంగతి వేరు. లోపల బాదం గింజంత ఒకటుంటుంది, అది గంట కొడుతుంది. అది కొట్టిన రోజున పడ్డ ముద్ర గట్టిది. వారాలు గడిచేకొద్దీ అది పై పొరల్లోకి వెళ్ళి అక్కడ స్థిరపడిపోతుంది. ఒక్క చోట ఉండదు, పది చోట్ల ఉంటుంది. చలి ఒక చోట, చప్పుడు ఒక చోట, మనిషి ఒక చోట. ఒకదానికి దెబ్బ తగిలితే పదీ లేస్తాయి."

"ఆ మనిషిని మార్చొచ్చా?"

"ఏ మనిషిని?"

"ఊరికే అడిగాను."

ఆవిడ నవ్వలేదు. నా మొహం చూసి చెప్పింది. జ్ఞాపకం పైకి వచ్చిన ప్రతిసారీ కొన్ని గంటలు మెత్తబడుతుందట. మళ్ళీ గట్టిపడేలోపు పక్కన ఏముంటే అది కూడా కలిసి గట్టిపడొచ్చట. భయం తగ్గించడానికి దాన్ని వాడుకోవచ్చేమోనని చూస్తున్నారట. "ఎలకల్లో కొంత కనపడింది. మనుషుల్లో ఇంకా సరిగా తేలలేదు. ఇంట్లో మాత్రం ఇలాంటివి చెయ్యకండి పెద్దాయనా," అంది.

నాకు బాగానే అర్థమైంది. మనకు అర్థం కాకపోతే ఎవరికి అర్థమవుతుంది. ఐసు గడ్డను బయటికి తీస్తే అంచు కరుగుతుంది. మళ్ళీ లోపల పెడితే పక్కనున్న గడ్డతో అతుక్కుపోతుంది. తర్వాత గునపంతో కొట్టినా రెండూ విడిగా రావు. నువ్వు ఎన్నిసార్లు తిట్టుకున్నావు, ఈ జంటగడ్డలు లారీకి ఎక్కించలేక చస్తున్నానని.

అందుకని ఒకటి అనుకున్నాను. గది తలుపు నేనే వేస్తాను. ఎక్కువసేపు కాదు. ఆమె నిన్ను పిలుస్తుంది. పిలవనిస్తాను. అప్పుడు నేను తీసి, 'నేను, మీ ఆయన్ని, తలుపు నేను తీశాను' అంటాను. రోజు విడిచి రోజు అలా చేస్తాను. మెత్తగా ఉన్నప్పుడు పక్కన నేనుంటాను. నేను అతుక్కుంటాను. నువ్వు కరిగిపోతావు.

నీ అనుమతి అడగడం లేదు. నీకు తెలియాలని రాశాను.

ఇంకొకటి. ఆ సంగతి జరిగిన ఎనిమిది నెలలకే నువ్వు పని మానేసి ఊరొదిలి వెళ్ళిపోయావు. పెళ్ళి కూడా చేసుకోలేదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

అన్న.


టైలరు కొట్టు మీద గది.

అన్నయ్యకు.

ఆ పని చెయ్యకు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చేతకాని మనిషిని, మతి లేని మనిషిని, నీ పేరు కోసం గదిలో పెట్టి తలుపు వేస్తావా. వేరేవాడెవడైనా ఇలా చేస్తే నువ్వే వెళ్ళి వాడి కాలర్ పట్టుకుంటావు. కాదులే, పట్టుకోవు, గుమ్మంలో నిలబడి వాడికేసి చూస్తావు. అయినా చూస్తావు.

పెళ్ళి సంగతా. నన్ను చేసుకునేంత తెలివితక్కువది దొరకలేదని అందరికీ చెప్తాను. అదే నీకూ చెప్దామని కలం పట్టుకున్నాను. రాయలేకపోయాను. నువ్వనుకుంటున్నది మాత్రం కాదు. వదిన నాకు తల్లి లాంటిది. ఈ మాట నమ్ము, మిగతాది అడక్కు.

తలుపు వెయ్యలేదని ఒక్క ముక్క రాయి.

తమ్ముడు.


పైపుల వీధి.

తమ్ముడికి.

ఇంకా వెయ్యలేదు. వెయ్యనని కూడా చెప్పను.

తల్లి లాంటిది అన్నావు. అది నాకు ఊరట అనుకున్నావేమో. నేను నీ మీద అనుమానపడ్డానని ఎవరన్నారు. అనుమానం కాదు ఇది. కుళ్ళు. రెండూ వేరు. అనుమానమైతే తేల్చుకుంటే పోతుంది. ఇది పోదు. నాకు తమ్ముడంటే ప్రాణం, పెళ్ళామంటే ప్రాణం, ఇద్దరూ ఒక చోట ఉంటే మాత్రం నా ఒళ్ళు మండేది. ఈ మాట రాయడానికి నాకు డెబ్బై నాలుగేళ్లు పట్టింది.

ఇంతదాకా వచ్చాక ఇది కూడా రాస్తాను.

చలిగది పద్ధతి నీకు గుర్తుండే ఉంటుంది. లోపలికి వెళ్ళేవాళ్ళు తమ నంబరు బిళ్ళను తలుపు పక్క బోర్డులో మేకుకు తగిలించాలి. బయటికి వచ్చేటప్పుడు తీసుకోవాలి. సాయంత్రం తలుపు వేసేవాడు బోర్డు చూడాలి. చూసి, తల లోపలికి పెట్టి మూడుసార్లు కేకెయ్యాలి. లోపలి పిడి ఊడిపోయి ఆరు నెలలైంది కాబట్టి ఆ కేక మరీ ముఖ్యమని మేనేజరు గోడ మీద రాయించాడు కూడా.

ఆ రోజు తలుపు వేసింది నేను. బోర్డు చూశాను. మేకులన్నీ ఖాళీ. కేక వెయ్యలేదు.

ఎందుకు వెయ్యలేదంటే, అంతకు ముందే మీ ఇద్దరి నవ్వు విన్నాను. పళ్ళపెట్టెల వెనక ఎక్కడో తను పగలబడి నవ్వుతోంది. పెళ్ళయిన రెండేళ్లలో తనను అలా ఒక్కసారి నవ్వించలేదు నేను. ఎలా నవ్విస్తారో కూడా తెలియదు. కాసేపటికి నువ్వు ఒక్కడివే వచ్చావు. మొహాన ఇంకా నవ్వుంది. నన్ను చూడకుండా వెళ్ళిపోయావు. తను నీకంటే ముందే వెళ్ళిపోయి ఉంటుందనుకున్నాను. ఆ గుమ్మంలో నిలబడి నోరు తెరవాలనిపించలేదు. తలుపు నెట్టి గడియ వేశాను. అలకతో వేశాను తమ్ముడూ. బోర్డు ఖాళీగా ఉంది కాబట్టి నీ తప్పేం లేదని అందరూ నన్ను ఓదార్చారు. కేక సంగతి ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు. తనకు కూడా చెప్పలేదు.

వేసి ఇంటికి కూడా పోలేదు. కాలవ గట్టున కూర్చుని అలిగాను. గంటన్నర. తను లోపల తలుపు బాదుతుంటే నేను అక్కడ గడ్డి పీకుతూ కూర్చున్నాను. నీకెలా తోచిందో పరిగెత్తి వెళ్ళి తీశావు. అందరూ నిన్ను దేవుడన్నారు. నేనూ అన్నాను.

తెలిసిందా ఇప్పుడు. తలుపు వేసినవాడు నేను, తీసినవాడు నువ్వు. ఆమె మెదడులో అదే ఉంది. అబద్ధమైతే వదిలేద్దును. నిజం కాబట్టే చెరపాలని ఉంది.

అన్న.


టైలరు కొట్టు మీద గది.

అన్నయ్యా,

నమస్కారాలూ క్షేమాలూ తర్వాత. ముందు ఇది చదువు.

ఆ రోజు బోర్డులో నీకు మేకులన్నీ ఖాళీగా ఎందుకు కనపడ్డాయో ఎప్పుడైనా ఆలోచించావా. వదిన బిళ్ళ తగిలించకుండా లోపలికి వెళ్ళే మనిషా. పోపుల డబ్బా మూత కూడా ఒకటే వైపు తిప్పి పెట్టే మనిషి.

తగిలించింది. నేను నా బిళ్ళను దాని మీదే తగిలించాను, అదే మేకుకి. పక్క మేకు దాకా రెండడుగులు వెయ్యడానికి బద్ధకం. బయటికొచ్చేటప్పుడు చలికి వేళ్ళు మొద్దుబారి ఉన్నాయి. రెండూ కలిసి చేతిలోకి వచ్చాయి. చూసుకోలేదు. జేబులో వేసుకుని పోయాను. గంటన్నర తర్వాత అగ్గిపెట్టె కోసం జేబులో చెయ్యి పెడితే రెండు బిళ్ళలు తగిలాయి. ఒకటి పదిహేడు, నాది. ఇంకోటి ముప్పై ఒకటి. నీకెలా తోచిందో అన్నావే, ఇలా తోచింది.

పరిగెడుతూ ఆ ముప్పై ఒకటిని కాలవలో పారేశాను. తలుపు తీశాను. అందరూ దేవుడన్నారు. నేను తల వంచుకుంటే, ఎంత వినయమో అన్నారు.

ఆ తర్వాత వదిన నాకు ముందు వడ్డించి నీకు తర్వాత వడ్డించేది, గుర్తుందా. చేత్తో స్వెటరు అల్లి ఇచ్చింది. పండగకో పబ్బానికో కాదు, ఊరికే. దాన్ని వేసుకున్న ప్రతిరోజూ నా ఒంటికి నిప్పు పెట్టినట్టుండేది. ఎనిమిది నెలలు ఓర్చుకున్నాను. నిజం చెప్తే నీ మొహం చూడలేను, చెప్పకపోతే ఆవిడ మొహం చూడలేను. వచ్చేశాను. ఇంకో ఆడమనిషి నన్ను నమ్మి వడ్డిస్తుందంటేనే భయమేసి పెళ్ళి జోలికి పోలేదు. ఇది కూడా ఒక జబ్బేనేమో, మీ డాక్టరమ్మను అడుగు.

ఇంకా ఒకటుంది. ఆ నవ్వు. నలభై ఆరేళ్లు నిన్ను తిన్న నవ్వు. మేం నవ్వింది నీ గురించే. వదిన నీలం చీర కట్టుకుందట. నువ్వు అద్దం ముందు నిలబడి, ఈ రంగు నీకు బాగుంది, ఈ రంగు నీకు బాగుంది అని నాలుగుసార్లు వల్లె వేశావట. తలుపు చాటు నుంచి ఆవిడ వింటోంది. తీరా ఎదురుగా వచ్చి, 'వాన వచ్చేట్టుంది' అన్నావట. చెప్పి చెప్పి నవ్వింది. నాకు కూడా నవ్వొచ్చింది. ఆ నవ్వులో ఎగతాళి లేదు అన్నయ్యా. ఆ చీర ఆ వారంలో మూడుసార్లు కట్టింది, నువ్వెప్పుడు అంటావో చూద్దామని.

ఇప్పుడు నీ ఇష్టం. నా పేరు తీసేసి నీ పేరు పెట్టుకో. అది ఎప్పుడూ నాది కాదు. తలుపు మాత్రం వెయ్యకు.

తమ్ముడు.


పైపుల వీధి.

తమ్ముడికి.

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. మూడు రోజులు నీతో మనసులో కూడా మాట్లాడలేదు.

కోపం ఎందుకో చెప్తాను, విను. తప్పు నా ఒక్కడిదే అనుకుని ఇన్నేళ్లు మోశాను. ఆమె దగ్గర నాకంటూ మిగిలింది అదొక్కటే. ఇప్పుడు అందులో కూడా సగం నీదే అంటున్నావు. చిన్నప్పటి నుంచీ అంతే, నా కంచంలోది నీకు రుచి. ఇలా అనుకుని మళ్ళీ నాకే నవ్వొచ్చింది. నవ్వు చూసి మీ వదిన, ఏంటి మందులాయనా, అంది. ఏం లేదన్నాను.

నీలం చీర సంగతి నిజమే. నాలుగుసార్లు కాదు, ఆరుసార్లు.

ఇక తలుపు సంగతి. దాచి లాభం లేదు. ఆదివారం మధ్యాహ్నం వేశాను. నువ్వు వద్దన్నావు, డాక్టరమ్మ వద్దంది. అయినా వేశాను. తను మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. నేను బయట గుమ్మంలో నిలబడి తలుపు మీద చెయ్యి పెట్టాను. పెట్టిన చెయ్యి కేసి చూసుకున్నాను. బయట నుంచి లాగలేకపోయాను. లోపలికి వెళ్ళి, లోపల నిలబడి, వేశాను. నేను ఆ వైపు ఎప్పుడూ లేను కదా.

తలుపు చప్పుడు కాగానే ఆమె మొహం మారిపోయింది. అంతా తెల్లబోయింది. లేచి వచ్చి తలుపు బాదింది. నేను పక్కనే ఉన్నాను, నేను ఆమెకు లేను. నేను చేతులు పట్టుకున్నాను. నిజంగా చల్లగా ఉన్నాయి తమ్ముడూ. చేతులు కూడా గుర్తుపెట్టుకుంటాయి కాబోలు. ఇంత చలిలో ఆమెను వదిలి కాలవ గట్టున కూర్చున్నానా అనిపించింది. నెలరోజులుగా అనుకుంటున్న ఉపాయమంతా ఆ చల్లదనంతో పోయింది. వెంటనే తలుపు తీసేశాను.

"మరిదీ, నువ్వేనా?" అంది.

చెప్పాల్సిన మాట నా దగ్గర తయారుగానే ఉంది. 'నేను, మీ ఆయన్ని.' నెల్లాళ్లుగా వల్లె వేసిన మాట. ఆమె నా చొక్కా గుప్పిట్లో పట్టుకుని చూస్తోంది. ఆ చూపుకి అప్పుడు కావలసింది నువ్వు. కాదంటే మళ్ళీ భయపడుతుంది.

"ఆఁ వదినా, నేనే," అన్నాను.

అలా అనడం ఎలా ఉంటుందో నీకు చెప్పలేను. నోట్లో నీ పళ్ళు పెట్టుకున్నట్టుంది.

ఊపిరి తీసుకుంది. గుమ్మంలోనే కూర్చోబెట్టి వీపు నిమిరాను. చేతులు కాస్త వెచ్చబడ్డాయి. అప్పుడు వీధి వైపు చూసి, గొంతు తగ్గించి అంది.

"నేను ఏడ్చానని మీ అన్నయ్యకు చెప్పకు మరిదీ. ఆయనకు మాట పైకి రాదు గానీ, లోపల కుమిలిపోతాడు. బయటే నిలబడి ఉంటాడు పాపం, నేను కనపడేదాకా అక్కణ్ణుంచి కదలడు. నాకేం కాలేదని ముందు పోయి చెప్పు."

"చెప్తాను," అన్నాను.

"ఊరికే చెప్తానంటావు. పో."

లేచి వీధిలోకి వెళ్ళాను. ఏం చెయ్యాలో తెలియలేదు. కొళాయి దాకా నడిచి తిరిగి వచ్చాను. "చెప్పావా?" అంది. చెప్పానన్నాను. "ఏమన్నాడు?" అంది. ఏమీ అనలేదన్నాను. "అనడులే," అని బట్టలు మడతపెట్టుకోవడానికి వెళ్ళిపోయింది.

మళ్ళీ తలుపు వెయ్యను. ఈ మాట నీకు ఇస్తున్నాను. బడాయికి కాదు, ఆ చేతులు మళ్ళీ అలా చల్లబడితే నేను తట్టుకోలేను.

ఇప్పుడు నాకు నీ మీద కుళ్ళు అంతగా లేదు. ఆ బయట నిలబడ్డ అన్నయ్య మీద ఉంది. నేను ఆ రోజు అక్కడ లేను. కాలవ గట్టున ఉన్నాను. ఆమె మాత్రం వాడు అక్కడే నిలబడి ఉన్నాడని ఇన్నేళ్లుగా లోపల పెట్టుకుని ఉందా? నాకంటే వాడు చాలా మంచివాడు. వాడికి దక్కింది నాకు దక్కలేదు.

నీకు ఒక్కడికే తెలిసిన సంగతి ఒకటి అడుగుతున్నాను. ఆ రోజు నువ్వు తలుపు తీయగానే ఆమె మొదట ఏమంది? ఈ మాటేనా? బిళ్ళ గొడవలో నాకు చెప్పడం మర్చిపోయావా? లేక అప్పుడు అలాంటిదేమీ అనలేదా, ఇప్పుడు నేను పక్కన ఉంటే కొత్తగా అతుక్కుందా? డాక్టరమ్మకు ఇది తెలియదు. నన్ను మెప్పించడానికి రాయకు. నవ్వించడానికి అసలే రాయకు. ఏమందో అదే రాయి. ఏమీ అనకపోతే ఏమీ అనలేదని రాయి.

ఆలస్యం చెయ్యకు. మా వీధికి పోస్టు పదకొండు గంటలకు వస్తుంది. నేను బయటే నిలబడి ఉంటాను.

నీ అన్న.